డిప్యూటీ పేరు రాయాల్సిన చోట

మీటింగ్ ఏ ఊళ్ళో జరిగినా గిరిజ రెండు పెద్ద ఫ్లాస్కుల నిండా కాఫీ పోసుకొని వెళ్ళేది. కైసర్స్‌లౌటర్న్ యూనివర్సిటీలో మీటింగ్ గది పక్కనే కాఫీ మిషన్ ఉంది. అయినా ఆ అక్టోబర్ మంగళవారం కూడా హైడెల్‌బర్గ్ నుంచి ఎస్-బాన్ లోకల్ రైల్లో ఫ్లాస్కులు రెండూ కాళ్ళ మధ్య ఇరికించుకొని వచ్చింది. ఆ మీటింగులకి వచ్చేవాళ్ళంతా తన ఇంటికి వస్తున్నట్టే ఉండేది ఆమెకి. ఒక రకంగా అది నిజం కూడా.

గిరిజది ఖమ్మం. భర్త దశరథ్‌కి బ్లూ కార్డ్ వీసా మీద ఉద్యోగం వస్తే, సగంలో ఆగిన పీహెచ్‌డీతో అతని వెంట జర్మనీ వచ్చింది. రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాక, హైడెల్‌బర్గ్ ఊరి చివర ఒక చిన్న కాలేజీలో రైటింగ్ సెంటర్ పెడితే అందులో సగం పూట ఉద్యోగం దొరికింది. విద్యార్థులు తమ థీసిస్సో, సెమినార్ పేపరో పట్టుకొని అక్కడికి వస్తారు. వాళ్ళ తప్పులు ఎవరూ దిద్దరు. ఎదురుగా కూర్చొని, ఇక్కడ నువ్వు చెప్పదలచుకున్నది ఏమిటని అడుగుతారు. అడిగి, ఓపిగ్గా వింటారు. రాసేది విద్యార్థే.

ఆ సెంటర్‌లో ఉన్నది గిరిజ ఒక్కతే. చేస్తున్నది సరిగ్గా చేస్తున్నానో లేదో అడగడానికి మనిషి లేక, జర్మనీ నైరుతి మూలన చుట్టుపక్కల ఊళ్ళలో ఇదే పని చేసేవాళ్ళకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. ఆరుగురు జవాబిచ్చారు. ఏడు ఊళ్ళ పేర్లతో మెయిలింగ్ లిస్ట్ తయారైంది, ఏడాదికి రెండు మీటింగులు అలవాటయ్యాయి. గదులు వెతికింది, అజెండా రాసింది, రాలేనన్నవాళ్ళకి ఫోన్ చేసి రప్పించింది గిరిజే. ఆరేళ్ళుగా అలా నడుస్తున్నా ఆ గుంపుకి ఒక పేరు లేదు. "మన నైరుతి వాళ్ళం" అనుకునేవాళ్ళు, అంతే.

ఆ మంగళవారం కార్ల్స్‌రూయె నుంచి వచ్చిన ఉల్‌రికె ఒక కబురు తెచ్చింది. ఉల్‌రికెకి అరవై దగ్గర పడుతున్నాయి, అందరిలోకీ పెద్దది, ఆమె మాట్లాడితే మిగతావాళ్ళు పెన్ను కింద పెట్టి వింటారు. దేశమంతటికీ ఉన్న రైటింగ్ సెంటర్ల సంఘం ఇకనుంచి ఇలాంటి ప్రాంతీయ బృందాల్ని అధికారికంగా అనుబంధ శాఖలుగా చేర్చుకుంటుందట. ఉత్తరం వాళ్ళు, తూర్పు వాళ్ళు అప్పుడే చేరిపోయారు. చేరితే సంఘం కార్యవర్గంలో ఒక కుర్చీ వస్తుంది. తోటి విద్యార్థులకి ఇదే సాయం చేసే విద్యార్థి ట్యూటర్ల వార్షిక సమావేశాన్ని మన ఊళ్ళో జరుపుకోవచ్చు. నవంబర్ ఆఖరులోగా అప్లికేషన్ పెట్టాలి. అన్నిటికంటే ముందు రెండేళ్ళ కాలానికి ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి.

ఈ కబురు గిరిజకి వారం ముందే తెలుసు. ఆ పొద్దున అద్దం ముందు నిలబడి రెండు జర్మన్ వాక్యాలు గట్టిగా పలికి చూసుకొని మరీ వచ్చింది. మీ నమ్మకానికి కృతజ్ఞురాలిని. అందరూ సాయం చేస్తానంటే ఒప్పుకుంటాను. రెండో వాక్యంలో క్రియ చివరికి రావాలని గుర్తుపెట్టుకుంది కూడా.

"నాకొక ఆలోచన ఉంది," అంది ఉల్‌రికె. "మొదట విద్యార్థిగా వచ్చి, ట్యూటర్ అయ్యి, ఇప్పుడు ఉద్యోగిగా మనతో కూర్చున్న మనిషి ఒకరున్నారు. మన పని ఏమిటో సంఘానికి ఆమెని చూస్తేనే అర్థమవుతుంది. మనోజ్ఞ పేరు సూచిస్తున్నాను."

ఇక్కడి వాళ్ళు మెచ్చుకోలుగా చప్పట్లు కొట్టరు, పిడికిలితో బల్ల మీద తడతారు. పదకొండు మంది తట్టారు. గిరిజ కూడా తట్టింది. వేళ్ళ కణుపులు నొప్పి పుట్టేలా తట్టింది.

ఈ కైసర్స్‌లౌటర్న్‌లోనే పనిచేసే మనోజ్ఞ బల్లకి అవతల వైపు ఉంది. మొహం ఎర్రబడింది. అంతమంది జర్మన్ల మధ్య తెలుగులోనే అడిగేసింది.

"అక్కా, నేనేంటి? నువ్వుండగా నేనేంటి? నువ్వు చెయ్యవా?"

కావాలంటే అప్పుడు అనొచ్చు. ఆ రెండు వాక్యాలూ నాలుక మీదే ఉన్నాయి. కానీ అడిగి పుచ్చుకున్నట్టు ఉంటుందని గిరిజకి ఒళ్ళు మండింది.

"నాకెందుకే ఇయన్నీ. నువ్వే చెయ్యి," అని నవ్వింది.

"గిరిజ ఎలాగూ మెయిలింగ్ లిస్ట్ చూసుకుంటుంది కదా," అంది ఉల్‌రికె ఆప్యాయంగా, తర్వాతి అంశానికి పేజీ తిప్పుతూ.

తిరుగు ప్రయాణంలో ఫ్లాస్కులు ఖాళీ అయినా వచ్చేటప్పటికంటే బరువుగా తోచాయి. రైలు అడవి దాటి, ద్రాక్షతోటలు దాటి మన్‌హైమ్ వైపు పోతుంటే గిరిజ మనసు ఒకే లెక్క మళ్ళీ మళ్ళీ వేసుకుంది. ఆ పిల్లకి ఈ పని నేర్పింది ఎవరు? ఐదేళ్ళ కిందట కాకినాడ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, ప్రొఫెసర్ తన పేపర్ మీద "అర్థం కాలేదు" అని ఒక్క ముక్క రాసి తిప్పికొడితే, గిరిజ నడిపిన రెండు రోజుల వర్క్‌షాపులో వెనక కుర్చీలో కూర్చొని ముక్కు చీదుకున్న పిల్ల. "ఏడుపు తర్వాత ఏడుద్దువు, ముందు ఇందులో ఏం చెప్పాలనుకున్నవో నాకు తెలుగుల చెప్పు," అని ఆ పేపర్ మీద గంటన్నర కూర్చుంది గిరిజ. తర్వాత ట్యూటర్‌గా తీర్చిదిద్దింది. "చేతిల పెన్ను పట్టుకోకు. పెన్ను రాసినోళ్ళ చేతిలనే ఉండాలె. మనం దిద్దితే అది మన పేపర్ అయితది," అని ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ పిల్ల ఇప్పుడు జర్మన్‌లో జోకులు వేస్తుంది. అందరూ "మానో" అని పిలుస్తారు. గిరిజ మాట్లాడితే తల పంకిస్తూ ఓపిగ్గా వింటారు. విద్యార్థులు మాట్లాడుతున్నప్పుడు తాను పెట్టే మొహమే అది. ఆ సంగతి గిరిజకి ఆ రోజు రైల్లోనే తెలిసొచ్చింది.

ఇంట్లో చెబితే దశరథ్ సంతోషించాడు. "మంచిగైంది కదా. నీ చేతి కింద పెరిగిన పిల్ల. గర్వపడాలె."

"అవును," అంది గిరిజ.

పదకొండేళ్ళ కూతురు ఈషా హోమ్‌వర్క్ నుంచి తలెత్తి, "మానో బాసా?" అని జర్మన్‌లో అడిగింది. అవునని తెలిసి, "ఆమె చాలా కూల్. మనింటికి ఎప్పుడొస్తుంది?" అంది. గిరిజ చపాతీ పెనం మీద వేసి, అది మాడేదాకా తిప్పలేదు.

ఆ తర్వాతి రోజుల్లో గిరిజ తనకే చెప్పుకోలేని పనులు చేసింది. బృందం మెయిళ్ళలో మనోజ్ఞ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూసింది. ఉల్‌రికె ఆమెకి "ప్రియమైన మానో" అనీ, తనకి "ప్రియమైన సహోద్యోగులారా" అనీ రాసిందని పట్టుకుంది. మనోజ్ఞ పంపిన ఒక మెయిల్లో జర్మన్ నామవాచకం ముందు ఆర్టికల్ తప్పుంటే, అది చూసుకొని ఒక పూటంతా హాయిగా ఉంది.

నవంబర్ మూడో వారంలో మనోజ్ఞ ఫోన్ చేసింది.

"అక్కా, అప్లికేషన్ పూర్తయిందక్కా. పంపించే ముందు ఒకసారి చూసి పెట్టవా? నువ్వు చూస్తేనే నాకు ధైర్యం. ఏదైనా ఖాళీగా ఉంటే నువ్వే చెప్పాలి మరి."

"పంపు, చూస్త."

శుక్రవారం మధ్యాహ్నం, విద్యార్థులెవరూ లేని వేళ, గిరిజ తన గదిలో కూర్చొని చదివింది. బాగా రాసింది. అదే మొదటి బాధ. బృందం చరిత్ర రెండు పేజీలు. ఎవరు ఎప్పుడు కలిశారు, ఏమేం నేర్చుకున్నారు, కథలా సాగిపోయింది. రెండో పేజీలో తన పేరు ఉంది. "ఈ కలయికలకు మొదటి ఉత్తరం రాసిన గిరిజ నేటికీ మెయిలింగ్ లిస్టును నిర్వహిస్తున్నారు." ఆరేళ్ళు ఒక్క వాక్యం అయిపోయాయి. అసలు పేరే లేకపోతే పోట్లాడడానికి ఒక కారణమన్నా ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఆఖరి పేజీలో ఫారం. ప్రతినిధి: మనోజ్ఞ. దాని కింద, డిప్యూటీ పేరు రాయాల్సిన చోట, ఖాళీ.

డిప్యూటీగా కూడా నేను పనికిరానన్నమాట, అనుకుంది గిరిజ. అడగనైనా అడగలేదు.

ఆ గీత పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో ఒక షరతు. ప్రతినిధి ఉద్యోగ కాంట్రాక్ట్ రెండేళ్ళ గడువు పూర్తికాకముందే ముగిసేటట్టయితే, డిప్యూటీ పేరు తప్పనిసరి. లేని దరఖాస్తులు పరిశీలించబడవు. మనోజ్ఞ కాంట్రాక్ట్ వచ్చే సెప్టెంబర్‌తో అయిపోతుంది. అది గిరిజకి తెలుసు. కాంట్రాక్ట్ పొడిగించమని ఎలా అడగాలో ఉత్తరం రాయించింది తానే.

మూడుసార్లు చదివింది. పక్కన కామెంట్ పెట్టె తెరిచి, "ఇక్కడ పేరు తప్పనిసరి, కింద షరతు చూడు," అని టైప్ చేసింది. చేసి, దాన్ని చూస్తూ కూర్చుంది. కిటికీ అవతల ట్రామ్ ఒకటి వెళ్ళింది. మనం దిద్దకూడదు కదా, అనుకుంది. రాసినవాళ్ళే చూసుకోవాలి. పెన్ను వాళ్ళ చేతిలోనే ఉండాలి. ఇన్నేళ్ళూ విద్యార్థుల మేలు కోరి చెప్పిన మాట అంత సులువుగా తన వైపు తిరిగి నిలబడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అక్షరం అక్షరం చెరిపేసింది. ఫోన్ తీసి మెసేజ్ పెట్టింది. "మంచిగుంది. పంపెయ్."

జనవరి రెండో వారంలో సంఘం నుంచి జవాబు వచ్చింది. దరఖాస్తు అసంపూర్ణం. మళ్ళీ వచ్చే ఏడాదే. వచ్చే ఏడాది జరిగే ట్యూటర్ల వార్షిక సమావేశం తూర్పు శాఖకి ఇచ్చేశారు.

ఆ సాయంత్రం నాలుగింటికి బృందమంతా ఆన్‌లైన్‌లో కూర్చుంది. ఉల్‌రికె కోపం మాటల్లో కనపడదు, మాటల మధ్య ఖాళీల్లో కనపడుతుంది. "ఫుట్‌నోట్," అంది. "మనం విద్యార్థులకి చెప్పేది అదే కదా. ఫుట్‌నోట్లు చదవమని." కాసేపాగి, "పంపేముందు ఎవరూ చూడలేదా?" అంది.

గిరిజ తెర మీద తన మొహం తానే చూసుకుంటోంది.

"తప్పు నాదే," అంది మనోజ్ఞ. "ఆ నిబంధన నేను చూడలేదు. అందరికీ క్షమాపణలు."

గిరిజ చదివిందని అనలేదు. గిరిజ పేరే ఎత్తలేదు. ఆ మాట పూర్తయ్యేలోపు గిరిజ నోరు తెరవచ్చు. తెరవలేదు. మైక్ మ్యూట్‌లోనే ఉంది.

అయిపోయిన పది నిమిషాలకి మనోజ్ఞ ఫోన్ చేసి ఏడ్చింది. "నా వల్ల అందరికీ పోయిందక్కా. స్టూడెంట్స్ అంతా ఇక్కడ సమావేశం జరుగుద్దని ఎంత ఆశపడ్డారో."

"ఊకో. ఇదేమన్న పెద్ద సంగతా. మళ్ళ పెట్టుకోవచ్చు," అంది గిరిజ. ఐదేళ్ళ కిందటి వెనక కుర్చీ పిల్ల మళ్ళీ దొరికినట్టు ఆ గొంతులో ఒక తియ్యదనం వచ్చింది. అది తనకే వినిపించింది.

"అసలు ఆ గీత నీ కోసమే ఉంచానక్కా," అంది మనోజ్ఞ ముక్కు ఎగబీలుస్తూ. "ఆ రోజు మీటింగ్‌లో నాకొద్దు అన్నావుగా. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నా. డిప్యూటీగా ఉండమని పెద్దదానివి నిన్నెలా అడుగుతాను, నీకు చిన్నతనంగా ఉండదూ? చదివేటప్పుడు ఖాళీ చూసి నువ్వే అంటావనుకున్నా, నా పేరు రాయవే అని. అనలేదు. పోన్లే, అది లేకపోయినా పర్లేదేమో అని పంపేశా."

గిరిజ ఏమందో తర్వాత ఆమెకే గుర్తులేదు. ఈషాని సంగీతం క్లాసు నుంచి తీసుకురావాలని చెప్పి పెట్టేసింది. ఆ రోజు ఈషాకి సంగీతం క్లాసు లేదు.

చెప్పెయ్యాలనుకుంటూనే రెండు నెలలు గడిచాయి. పొద్దున చెబుదామనుకున్నది సాయంత్రానికి అనవసరం అనిపించేది. చెబితే ఎవరికి లాభం? ఆ ప్రశ్న చాలా తెలివైనదిగా కనిపించేది. ఈలోగా మనోజ్ఞ ప్రతి వారం ఫోన్ చేస్తూనే ఉంది, అక్కా అక్కా అంటూనే ఉంది. ఆ పిలుపు ఇంతకుముందు ఎప్పుడూ అంత బరువుగా లేదు. ఒకసారి దశరథ్, "ఆ పిల్ల ఫోన్ వస్తె ఎందుకట్ల ఉలిక్కిపడ్తున్నవ్?" అని అడిగాడు. గిరిజ అతనికి మొత్తం చెప్పింది. "నువ్వా?" అన్నాడు అతను. కోప్పడినా బాగుండేది.

మార్చిలో ఒక గురువారం గిరిజ కైసర్స్‌లౌటర్న్ వెళ్ళింది. ఫ్లాస్కుల్లేవు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో మధ్యాహ్నం రద్దీ తగ్గాక, కిటికీ పక్క బల్ల దగ్గర మనోజ్ఞ ఎదురుగా కూర్చుంది.

"ఆ ఫుట్‌నోట్ నేను చూసిన," అంది.

మనోజ్ఞకి అర్థం కాలేదు. "ఎప్పుడక్కా?"

"నువ్వు పంపిన రోజే. మూడుసార్లు చదివిన. నీ కాంట్రాక్ట్ సంగతి నాకు యాదికుంది. కామెంట్ కూడా రాసి, చెరిపేసిన. చెరిపేసి, మంచిగుంది పంపెయ్ అన్న."

మనోజ్ఞ సూప్‌లో చెంచా వదిలేసింది. "నువ్వు పనిలో ఉండి పైపైన చదివావనుకున్నా. అందుకే మీటింగ్‌లో నీ పేరు చెప్పలేదు. నీకు మాట రాకూడదని."

"తెలుసు."

"ఎందుకక్కా?"

రైల్లో వస్తూ గిరిజ దీనికి చాలా జవాబులు కూర్చుకుంది. తన జర్మన్ గురించి, ఆరేళ్ళ గురించి, ఆ ఒక్క వాక్యం గురించి. తీరా ఆ మొహం చూశాక అవేవీ పనికిరాలేదు.

"కుళ్ళు," అంది. "నీకు బల్లలు తడుతుంటె ఓర్వలేకపోయిన. అంతే. ఇంక వేరే ఏం లేదు."

మనోజ్ఞ కిటికీలోంచి బయటికి చూసింది. ఏడుస్తుందనుకుంది గిరిజ. ఏడవలేదు. తిడుతుందనుకుంది. తిట్టలేదు. ట్రే సర్దుకుంది, చెంచా గిన్నెలో పెట్టింది, కాగితం రుమాలు నాలుగు మడతలు పెట్టింది.

"చెప్పినందుకు థాంక్సండి," అంది. "నాకు రెండింటికి ఒక స్టూడెంట్‌తో టెర్మిన్ ఉంది. మీరు జాగ్రత్తగా వెళ్ళండి, గిరిజ గారూ."

తెలుగులో ఒక మనిషిని దూరంగా తోసెయ్యడానికి ఇంత మర్యాద చాలునని గిరిజకి అప్పుడు తెలిసింది.

ఏప్రిల్ మీటింగ్ హైడెల్‌బర్గ్‌లో, గిరిజ కాలేజీలోనే. అజెండా అయిపోయాక ఆమె చెయ్యెత్తి, లేచి నిలబడి, తనకొచ్చిన జర్మన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పింది. క్రియలు కొన్ని చివరికి రాలేదు.

"ఇది మాకెందుకు చెబుతున్నారు?" అంది ఉల్‌రికె, కటువుగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"తప్పంతా నాదేనని ఆ రోజు మనోజ్ఞ అంది. తనది కాదు."

"మినిట్స్‌లో రాయాలా?"

"రాయండి."

రాశారు. మెయిలింగ్ లిస్ట్ గిరిజ తనంతట తానే సార్‌బ్రూకెన్ వాళ్ళకి అప్పగించింది. మీటింగులకి పిలుపు మాత్రం వస్తూనే ఉంది. ఆమె వెళ్తూనే ఉంది, అందరికంటే చివరి కుర్చీలో కూర్చునేది. మనోజ్ఞ నమస్కారం పెట్టేది, ఈషాని అడిగేది. మీరు, మీకు, మీ ఇంట్లో.

సెప్టెంబర్‌లో మనోజ్ఞ కాంట్రాక్ట్ పొడిగించలేదు. దరఖాస్తు నెగ్గి ఉంటే పొడిగించేవాళ్ళా? ఎవరూ చెప్పలేరు. గిరిజ మాత్రం ఆ ప్రశ్నని చాలా రోజులు మోసింది. మనోజ్ఞకి మాగ్డెబర్గ్‌లో అంతకంటే మంచి ఉద్యోగమే దొరికిందని మెయిల్ వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్న మరుక్షణం, అంతకంటే మంచిదా అని లోపల ఏదో చురుక్కుమంది కూడా. అది పోలేదు. పోతుందని అనుకోవడం మానేసింది. అది లేచినప్పుడల్లా ఇదిగో వచ్చింది అని గుర్తుపట్టడం మాత్రం నేర్చుకుంది.

ఆ నవంబర్‌లో నైరుతి బృందం మళ్ళీ అప్లికేషన్ పెట్టింది. ప్రతినిధి ఉల్‌రికె, డిప్యూటీ సార్‌బ్రూకెన్ నుంచి ఒకాయన. పంపేముందు ఉల్‌రికె దాన్ని గిరిజకే ఇచ్చింది చదవమని. "మీరైతే ఈసారి ఏదీ వదలరు," అంది. అందులో వెటకారం ఉందో లేదో గిరిజ వెతకలేదు. రెండు చోట్ల గుర్తు పెట్టి, ఎందుకు పెట్టిందో రాసి, అదే రోజు వెనక్కి పంపింది. జనవరిలో ఆమోదం వచ్చింది.

మే నెలలో వార్షిక సమావేశం మాగ్డెబర్గ్‌లో జరిగింది. కొత్తగా చేరిన శాఖల పేర్లు చదువుతుంటే ఉల్‌రికె వేదిక మీదికి వెళ్ళింది. ఆతిథ్యమిచ్చిన తూర్పు శాఖ తరఫున స్వాగతం పలికింది మనోజ్ఞ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వచ్చి ఎనిమిది నెలలే, అప్పుడే హాలంతా ఆమె మాటకి నవ్వుతోంది. నాలుగో వరసలో గిరిజకి లోపల ఆ పాత చురుకు మళ్ళీ తగిలింది. వచ్చావా, అంది దానితో మనసులోనే.

టీ విరామంలో మనోజ్ఞే వచ్చి పలకరించింది. పక్కన ఇద్దరు కొత్త ట్యూటర్లు, తెలుగు పిల్లలే, స్నిగ్ధ, శరత్ అట.

"వీళ్ళకి మిమ్మల్ని పరిచయం చేద్దామని తీసుకొచ్చానండి," అంది గిరిజతో. వాళ్ళ వైపు తిరిగి, "ఈవిడ గిరిజ గారు. నాకు ఈ పని నేర్పింది ఈవిడే," అంది.

ఆ మాటలో చనువు లేదు, కల్పనా లేదు. ఎవరు ఎవరికి ఏం నేర్పారో రికార్డులో సరిగ్గా ఉండాలన్నట్టు అంది. ఎవరో పిలిస్తే, "వస్తానండి," అని వెళ్ళిపోయింది.

స్నిగ్ధ తన బ్యాగులోంచి కాగితాలు బయటికి తీసింది. "మేడమ్, మీకు టైముంటే ఒక్క పది నిమిషాలు. మా ప్రొఫెసర్‌కి ఇది నచ్చలేదు. ఎక్కడ పోయిందో నాకు తెలుస్తలేదు."

గిరిజ హాలు అవతల పొట్టి జుట్టు కనిపిస్తుందేమోనని ఒకసారి చూసింది. కనిపించలేదు. ఖాళీ బల్ల ఒకటి చూపించి, ఆ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మీదెక్కడమ్మా?" అంది.

"మహబూబాబాద్ మేడమ్."

"మా పక్కనే. సరే, ముందు ఇందుల నువ్వు ఏం చెప్పాలనుకున్నవో చెప్పు," అంది గిరిజ, కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుంటూ.